చిన్నాయన ఛాతీ మీద ఇసుక

ఆ రోజు ఇంట్లో ఉన్నది చిన్నాయన పరశురాములు, ఆయన భార్య యాదలక్ష్మి, అవ్వ బీరమ్మ, పదో తరగతి త్రివేణి, ఇంకా కాలు విరిగి మందతో పోలేని ఒక గొర్రెపిల్ల. త్రివేణి బాపు గొర్లను తోలుకొని హుజూర్‌నగర్ దిక్కు పోయి నెల దాటింది.

ఎండ నిప్పులు చెరుగుతోంది. చిన్నాయన తడి కాళ్లతోనే ఇనుప కూలర్‌లో నీళ్లు పోస్తున్నాడు.

"బందు పెట్టి పొయ్యరాదు?" అంది చిన్నమ్మ.

"బందు పెడితే నువ్వు విసురుతవా?" అని నవ్వాడు. ఆ నవ్వు మొహం మీద ఉండగానే బిందె జారింది. చెయ్యి కూలర్‌కు అతుక్కుపోయింది.

చిన్నమ్మ పట్టుకోబోతే త్రివేణి అడ్డం పడి ఆపింది. పరుగున పోయి మెయిన్ స్విచ్ దించింది. చిన్నాయన మొద్దులా కూలాడు. ఊపిరి లేదు. చిన్నమ్మ 108కు ఫోన్ కలిపింది.

ఆ తర్వాత ఏం చేయాలో కూడా త్రివేణికి తెలుసు. దసరా సెలవుల ముందు 108 సారు ఒకాయన బడికొచ్చి, గుడ్డలు కుక్కిన సంచి మీద, ఊపిరి ఆగిన మనిషి ఛాతీ నడుమ ముప్పై లెక్కపెడుతూ ఎట్లా ఒత్తాలో నేర్పాడు. "గీ బిడ్డ లెక్క ఒత్తాలె" అని త్రివేణినే అందరికీ చూపించాడు. సిగ్గుతో ఆమె ఆ పూటంతా తల ఎత్తలేదు.

కేకలు విని పక్కింటి భీమయ్య తాత ఉరికొచ్చాడు. "ఇసుకల పండబెట్టున్రి! ఒంట్ల ఉన్న కరెంటును భూమి గుంజుకుంటది. మా తమ్ముడు గట్లనే లేచి కూసున్నడు."

"తాతా, ఛాతి ఒత్తాలె..." అంది త్రివేణి. గొంతు గొర్రెపిల్ల అరుపు కన్నా సన్నగా వచ్చింది.

"ఏందే?" అని ఆయన గద్దించాడు.

"ఏం లేదు తాతా."

కొత్త గోడ కోసం తోలించిన ఇసుక వాకిట్లోనే ఉంది. అందులో చిన్నాయనను పడుకోబెట్టారు. "చూసుకుంట నిలవడ్డవేందే, ఇసుక పొయ్యి!" అంది అవ్వ. త్రివేణి దోసిళ్లతో ఇసుక పోసింది. ఒత్తాల్సిన చోటే పోసింది. లోపల మాత్రం ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడుతూనే ఉంది. ముప్పై అయ్యాక మళ్లీ ఒకటి.

108 వచ్చేసరికి అరగంట పట్టింది. దిగినాయన ఇసుక తోసేసి చాలాసేపు ఒత్తాడు. చివరికి లేచి చెమట తుడుచుకున్నాడు. "పానం పోయిందమ్మా. పడ్డప్పుడే ఎవలన్న ఛాతి ఒత్తితే జర ఆశ ఉంటుండె."

చిన్నాయనను లోపల చాప మీద పడుకోబెట్టారు. చిన్నమ్మ గడప పట్టుకొని నిలబడింది. త్రివేణి ఆమె ఎదుటికి పోయింది.

"చిన్నమ్మా, నాకొస్తది ఒత్తుడు. బడిల నేర్పిన్రు."

ఈసారి మాట గట్టిగానే వచ్చింది. వాకిట్లో అందరికీ వినపడింది.

చిన్నమ్మ ఆమె గోళ్లలో ఇరుక్కున్న ఇసుకను చూసింది. "ఇసుక పోసేటప్పుడు యాదికి రాలేదా బిడ్డా?" అంది. అరవలేదు. లోపలికి పోయి తలుపు వేసుకుంది.