తోడికోడలి ప్రార్థన

"ఆ పక్కకి జరుగు, ఫోన్లో పడుతున్నావు," అన్నాడు భర్త.

ఆస్పత్రి లాండ్రీలో పగలంతా రోగుల దుప్పట్లు ఉతికి అప్పుడే ఇంటికి వచ్చిన పెద్దకోడలు గోడవారకి జరిగింది. ఫోన్లో పడాల్సింది చిన్నకోడలు. ఊళ్ళో ఇళ్ళు తగలబెట్టాక కట్టుబట్టలతో పరాయి దేశం చేరిన నలభై కుటుంబాలకి ఇప్పుడు గుడీ ఆవిడే, దేవుడూ ఆవిడే. మహమ్మారి వచ్చి నలుగురూ ఒకచోట చేరకూడదన్నాక, రోజూ సాయంత్రం ఈ గదిలోంచే ఫోన్లో ప్రార్థన. పెద్దకోడలు ఉతికిన బట్టలే కట్టుకుని తోడికోడలు కళ్ళు మూసుకుంటుంది. ఆ బట్టలు ఉతికిందెవరో దేవుడికి తెలియదు కాబోలు.

"అమ్మాయి గొంతులో అమృతం ఉంది. నువ్వూ ఉన్నావు, నోరు తెరిస్తే సబ్బూ సరుకుల గొడవే," అంటాడు భర్త. సబ్బు అయిపోతే దేవుడు తెచ్చిపెడతాడా మరి? ఆమెకి ఒళ్ళు మండిపోయేది. అది అసూయేనని తెలుసు, పాపమనీ తెలుసు. ప్రార్థన వేళకి వంటింట్లో పని తెమలదు కాబట్టి ఆ పాపం కడుక్కునే తీరిక కూడా ఆమెకి లేదు.

ఇంతలో, వాళ్ళతోపాటే వలస వచ్చిన దర్జీ తండ్రికి జబ్బు ముదిరింది. పెద్దకోడలు పనిచేసే ఆస్పత్రిలోనే చేర్చారు, కానీ లోపలికి అయినవాళ్ళని రానివ్వడం లేదు. "అమ్మగారూ, మీ ప్రార్థన ఒక్కసారి నాన్న చెవిన పడితే చాలు," అని దర్జీ ఫోన్లో ఏడ్చాడు. తోడికోడలు ప్రార్థన రికార్డు చేసి ఇచ్చింది.

"నువ్వెలాగూ లోపలికెళ్తావుగా. ఆయన చెవి దగ్గర పెట్టు. నువ్వేం మాట్లాడక్కర్లేదు," అన్నాడు భర్త.

మోయడానికి తనూ, మోక్షం ఇవ్వడానికి ఆవిడా.

మర్నాడు వార్డులో ఆ ముసలాయన మంచం పక్కన నిలబడింది. ఫోన్ జేబులోనే ఉంది. తీయలేదు. కుళ్ళుతోనే తీయలేదు, ఇందులో దాపరికం ఏమీ లేదు. "దుప్పటి మారుస్తాను బాబాయ్, కాస్త కదులుతారా?" అంది. సొంత భాష చెవిన పడగానే ఆయన కళ్ళు తెరిచి ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"ఏదైనా చెప్పమ్మా," అన్నాడు.

ప్రార్థన ఆమెకి ఒక్క ముక్క రాదు. ఎప్పటిలాగే సబ్బూ సరుకుల గొడవే నోటికొచ్చింది, అదే చెప్పింది. ఆయన తలాడిస్తూ విన్నాడు. రెండోరోజు పొద్దున పోయాడు.

ఆ సాయంత్రం దర్జీ ఫోన్ చేశాడు. "నాన్న నవ్వుమొహంతో పోయారని నర్సు చెప్పింది. అంతా మీ ప్రార్థన చలవే అమ్మగారూ!"

"చూశావా, అమ్మాయి వాక్కంటే అదీ!" అని భర్త పొంగిపోయాడు.

ఫోన్ పెట్టేసేదాకా పెద్దకోడలు ఆగింది. "ఆయన నీ ప్రార్థన వినలేదు," అంది తోడికోడలితో. "నేను పెట్టలేదు. కుళ్ళుకుని పెట్టలేదు."

భర్త ఇంతెత్తున లేచాడు. "మీరుండండి బావగారూ," అని తోడికోడలు అడ్డుపడింది.

"పెట్టకపోవడమే మంచిదైంది అక్కా. మా అమ్మ పోయిన రోజు కూడా నన్ను ఈ ఫోన్ ముందే కూర్చోబెట్టారు. ఆ రోజే నమ్మకం పోయింది. అప్పట్నుంచీ నోటితో అప్పజెప్తున్నాను, అంతే." పెద్దకోడలి చెయ్యి పట్టుకుని అడిగింది. "ఆయనకి ఏం చెప్పావు? నాకూ చెప్పవా?"

ఆ కళ్ళలో ఉన్నదేమిటో పెద్దకోడలికి ఎవరూ చెప్పక్కర్లేదు. ఇన్నాళ్ళూ తను గుటకలేసి మింగిన అసూయే అది. చూస్తుంటే ఆమెకి కడుపు చల్లబడింది, అందుకు సిగ్గూ వెయ్యలేదు.

"చెప్తాను, ఇప్పుడు కాదు," అంది. "రేపు సాయంత్రం ఫోన్ ముందు నేను కూర్చుంటాను. ఆ దర్జీతో సహా అందరికీ చెప్తాను."