మూడు రకాల ఊ

ఆ ఆదివారానికి జయంతి నాతో సరిగ్గా మాట్లాడి నలభై ఆరు రోజులైంది. పూర్తిగా మానేసిందని కాదు. పాలు అయిపోయాయి, గీజర్ ఆపావా, కొరియర్ వాడు ఫోన్ చేశాడు, ఇలాంటివన్నీ చెబుతుంది. కానీ మాట్లాడదు. పెళ్లయి తొమ్మిదేళ్లయినవాడికి ఈ రెండింటికీ తేడా తెలియకుండా పోదు. ఇల్లు బావురుమంటోంది. తను పక్కగదిలోనే ఉన్నా నాకు తన మీద బెంగగా ఉంది.

కారణం సగం తెలుసు. ఆ బుధవారం సాయంత్రం నేను మా కొండాపూర్ ఫ్లాటు బాల్కనీలో కూర్చుని ఓ పాత గిటార్ యాంప్లిఫయర్ విప్పి టంకం పెడుతున్నాను. జయంతి ఆఫీసు నుంచి వచ్చి, బ్యాగు కూడా దించకుండా ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని ఏదో చెప్పింది. చాలాసేపు చెప్పింది. నేను మధ్యమధ్యలో ఊ కొట్టాను. చివర్లో "అయితే నీకు సరేనా?" అంది. దానికీ ఊ అన్నాను. తను కాసేపు నా మొహంలోకి చూసి లేచి వెళ్లిపోయింది. ఇంతకీ తను చెప్పిందేమిటో నాకు ఒక్క ముక్క కూడా తెలియదు. అదీ మిగతా సగం.

వినకుండా ఊ కొట్టడం నాకు ఊరికే అబ్బలేదు. పదకొండేళ్లుగా సాఫ్ట్‌వేర్ టెస్టింగులో ఉన్నాను. రోజుకు నాలుగు కాల్స్. అవతలి గొంతు ఎక్కడ ఆగితే అక్కడ "ష్యూర్" అనాలి. కాల్ అంతా కునికినా నా ష్యూర్ మాత్రం క్షణం అటూ ఇటూ కాకుండా పడుతుంది. అప్రైజల్లో రెండుసార్లు దీన్ని మంచి కమ్యూనికేషన్ స్కిల్ అని రాశారు కూడా. ఇంటికొచ్చేసరికి అదే ఊ అయింది, అంతే.

మరి అడగొచ్చు కదా అంటారు. ఒకసారి అడిగాను. "మొన్న ఏదో అన్నావు కదా, దాని గురించి..." అన్నాను. "అన్నాను కదా. నువ్వు సరేనన్నావు కదా," అంది. ఇంకో అడుగు ముందుకు వేయాలంటే వినలేదని ఒప్పుకోవాలి. నాకంత ధైర్యం చాల్లేదు. దాని బదులు రోజూ సాయంత్రం తను రాగానే నవ్వుమొహం పెట్టి "ఆఫీసు ఎలా ఉంది?" అని అడగడం మొదలుపెట్టాను. అడిగినకొద్దీ తన మొహం ఇంకా ముడుచుకుపోయేది.

ఇక యాంపుల సంగతి. గిటార్ వాయించేవాళ్లలో ఒక జాతి ఉంది. వాల్వ్ యాంప్ తప్ప మరేదీ యాంపే కాదంటారు. లోపల గాజు బుడ్లు ఎర్రగా వెలగాలట. ట్రాన్సిస్టర్లతో చేసినదాన్ని చూపిస్తే, పెళ్లి భోజనంలో ప్లాస్టిక్ ఆకు వేసినట్టు మొహం పెడతారు. వాళ్లంటే నాకు ఒళ్లుమంట. తప్పు ట్రాన్సిస్టర్లది కాదు. ఎండిపోయిన కెపాసిటర్లది, తయారుచేసినవాడు కక్కుర్తిపడి వేసిన నాసిరకం స్పీకర్లది. అవి మార్చి, లోపల శబ్దం నడిచే దారి సరిచేస్తే అదీ పాడుతుంది. ఇది నిరూపించడానికే ఐదేళ్లుగా బాల్కనీలో కూర్చుంటున్నాను. ఏడు బాగుచేశాను. జయంతి బట్టలారేసే తాడు ఎప్పుడో హాల్లోకి మారిపోయింది.

ఎనిమిదోది, ఆ బుధవారం తర్వాత వారానికి, జీడిమెట్లలో పాత సామాన్ల దుకాణంలో దొరికింది. మూతపడ్డ ఏదో ఫ్యాక్టరీలో వినాయక చవితి ఆర్కెస్ట్రాకి వాడేవారట. పేరున్న రేకు ఊడిపోయింది. గిటార్‌కి ఒక సాకెట్, మైకుకి ఇంకొకటి. గిటార్ పెడితే గొంతులో గుడ్డలు కుక్కినట్టు గురగుర. మైకు పెడితే మాత్రం ఓ వింత. మనం మాట్లాడినంతసేపూ గమ్మున ఉంటుంది. మాట ఆపి ఊపిరి తీసుకునేలోగా లోపలి నుంచి మెల్లగా "ఊ" అంటుంది.

ఇందులో మాయ ఏమీ లేదు. కరెంటును నిలకడగా ఉంచాల్సిన పెద్ద కెపాసిటర్లు రెండూ ఎండిపోయాయి. మాట వచ్చి తోసినప్పుడు యాంప్ కుంగిపోతుంది, మాట ఆగగానే పైకి లేస్తూ మూలుగుతుంది. కొత్తవి రెండు తెచ్చి పెట్టుకున్నాను. పావుగంట పని.

ఆ పావుగంట దొరికేలోగా యాదమ్మ వచ్చింది. మా ఇంట్లో పనిచేస్తుంది, జోగిపేట వైపు మనిషి. బాల్కనీ తుడుస్తూ అలవాటు ప్రకారం అల్లుణ్ణి తిడుతోంది. మైకు ఆన్‌లో ఉంది.

"ఆటో ఇప్పిచ్చినం. కిరాయికి తిప్పుమంటే ఇంట్ల పండుకుంటడు."

"ఊ," అంది యాంప్.

యాదమ్మ తుడవడం ఆపింది. "పిల్ల ఫోన్ జేసి ఒక్కతీరుగ ఏడుస్తది."

"ఊ."

యాదమ్మ తడిగుడ్డ పక్కన పడేసి నేలమీద కూలబడింది. గంటన్నర తర్వాత కళ్లు తుడుచుకుని లేచింది.

"గిది మంచిగ వింటది సారూ. మా ఇంట్ల గింతసేపు ఎవ్వలు వినరు."

"అది వినడం లేదు యాదమ్మా. చెడిపోయింది."

"అయితే జర గట్లనే ఉండనియ్యి," అంది.

మర్నాడు వాళ్ల చెల్లెల్ని తీసుకొచ్చింది. ఆ తర్వాత పక్క ఫ్లాటువాళ్లు. నాలుగోరోజు అసోసియేషన్ ప్రెసిడెంటు చలపతిరావుగారు స్వయంగా తనిఖీకి వచ్చారు. కాకినాడ ఆయన, రిజిస్ట్రేషన్ శాఖలో చేసి రిటైరయ్యారు. "బాల్కనీల్లో యంత్రాలు పెట్టకూడదండి, రూలుంది," అన్నారు. యాంప్ ఊ అంది. ఆ రూలు ఎలా వచ్చిందో చెప్పారు. ఊ అంది. తన ప్రమోషన్‌కి అడ్డుపడిందెవరో చెప్పడం పూర్తయ్యేసరికి భోజనాల వేళ దాటిపోయింది.

"ముప్ఫై నాలుగేళ్ల సర్వీసులో ఇంత శ్రద్ధగా ఎవరూ వినలేదండి," అన్నారాయన.

సాయంత్రానికి వాట్సాప్ గ్రూపులో టైంటేబుల్ వచ్చింది. ఒక్కొక్క ఫ్లాటుకు ఇరవై నిమిషాలు. చెప్పులు లిఫ్టు దగ్గరే వదలాలి. పెద్దవాళ్లకు, గర్భిణులకు ముందు అవకాశం. వాచ్‌మన్ పోచయ్య మా గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని పార్కింగు టోకెన్లు పంచుతున్నాడు. ఇల్లు నాది, యాంపు నాది, నన్ను మాత్రం ఎవరూ అడగలేదు.

నేను అప్పుడే ఆపాల్సింది. ఆపేవాణ్ణే, కానీ చలపతిరావుగారు నా బలహీనత మీద కొట్టారు.

"ఊ బాగానే ఉందండి గానీ, కాస్త చనువు ఎక్కువగా ఉంది. కొంచెం గౌరవంగా అనేలా చేయలేరా?"

టోన్ గురించి నన్ను అలా అడిగినవాళ్లు ఈ ఐదేళ్లలో లేరు. ఆ రాత్రంతా ఆలోచించి, పొద్దున్నే మైకు దారిలో ఓ చిన్న కెపాసిటర్ మార్చాను. చనువు తగ్గింది, ఊకి కాస్త బరువొచ్చింది, చివర తల వంచినట్టు దిగింది. చలపతిరావుగారు విని కళ్లు మూసుకున్నారు. యాదమ్మ విని మూతి తిప్పింది. "గిది ఆఫీసరు లెక్కున్నది. మనోళ్ల లెక్క అనాలె," అంది. సరేనని మూడు గీతలున్న మీట బిగించాను. ఒకటోది గౌరవం, రెండోది సొంతం, మూడోది దుఃఖం. మూడోదానికే వారం పట్టింది. ఏడ్చేవాళ్ల దగ్గర ఊ ఓ క్షణం ఆలస్యంగా రావాలి, అలాగని వదిలేసి పోయినట్టు అనిపించకూడదు. అంత మంచి పని నేను మళ్లీ చేయలేను. వాల్వ్ వాళ్లు వింటే నోరెత్తరు.

జనరల్ బాడీ మీటింగ్ కూడా పెట్టారు. అసోసియేషన్ అనుమతి లేకుండా యాంపును బాగుచేయరాదని తీర్మానం చేసి, దాని మీద నా చేత కూడా సంతకం పెట్టించారు.

ఇంతలో ఓ శుక్రవారం ఆఫీసు నుంచి తొందరగా వచ్చాను. టోకెన్లవాళ్లంతా వెళ్లిపోయారు. బాల్కనీ అద్దం తలుపు వేసి ఉంది. అవతల జయంతి స్టూలు మీద కూర్చుని, చున్నీ కొసను వేలికి చుట్టుకుంటూ మైకుతో మాట్లాడుతోంది. మాటలు నాకు వినపడటం లేదు. పెదాలు కదలడం, ఆగడం, మళ్లీ కదలడం కనిపిస్తోంది. బ్యాగు భుజాన ఉండగానే ఇరవై నిమిషాలు నిలబడ్డాను. మీట మూడో గీత మీద ఉంది.

తలుపు తీస్తే లేచి నిలబడి "పాలు అయిపోయాయి," అంది.

చెక్కపెట్టె మీద అసూయ పడటం సిగ్గుచేటని తెలుసు, అయినా పడ్డాను. నేను కొట్టిందీ అది కొట్టిందీ వినకుండా కొట్టిన ఊలే. కాకపోతే దాని ఊ కోసం వారం కష్టపడ్డాను, నా దానికోసం ఏమీ చేయలేదు.

ఆదివారం పొద్దున జయంతి తలంటు పోసుకుంటుంటే తీర్మానాన్ని ధిక్కరించి స్క్రూడ్రైవర్ పట్టుకున్నాను. పాతవి పీకి, కొత్త కెపాసిటర్లు రెండూ వేశాను. సరిగ్గా పావుగంట పట్టింది. గిటార్ పెట్టి ఒక్క తీగ మీటాను. ఐదేళ్లుగా నేను వెతుకుతున్న శబ్దం అదే, నిండుగా, తేటగా వచ్చింది. సంతోషం మాత్రం రాలేదు. గిటార్ తీసేసి, మైకు పెట్టి, వంటింట్లోకి వెళ్లి నిలబడ్డాను. టోకెన్లు పదింటికి మొదలవుతాయి. ఆలోగా తను వస్తుందని నా ఆశ.

తను తలకు తువ్వాలు చుట్టుకుని బాల్కనీలోకి వెళ్లింది. తర్వాత జయంతి గొంతు, నేను ఏనాడూ విననంత స్పష్టంగా, ఇల్లంతా వినిపించింది.

"ఇవాళ ఆదివారం. బ్యాగు వేసుకుని ఎక్కడికీ పోనక్కర్లేదు. ప్రాణానికి హాయిగా ఉంది."

బాగుపడ్డ యాంపు చేయాల్సిన పని అదే కదా, మాటను బయటికి పంపడం. ఊ రాలేదు. తను ఉలిక్కిపడి వెనక్కి తిరిగింది. నేను గుమ్మంలో ఉన్నాను.

"దీనికేమైంది?"

"బాగుచేశాను."

"నిన్నెవరు చేయమన్నారు?"

"ఎక్కడికి పోనక్కర్లేదు జయంతీ?"

"అదేమిటి? నీకు తెలుసు కదా."

"తెలియదు. ఆ బుధవారం నువ్వు చెప్పింది నేను వినలేదు. ఒక్క ముక్క కూడా వినలేదు." మైకు ఇంకా ఆన్‌లోనే ఉంది. నా ఒప్పుకోలు కింద సైకిల్ తొక్కుకుంటున్న పిల్లల దాకా వెళ్లింది. వాళ్లు తలెత్తి చూశారు.

జయంతి మైకు ఆపేసి, మెల్లగా స్టూలు మీద కూర్చుంది.

"నన్ను ఉద్యోగంలోంచి తీసేశారు రవీ. ఆ బుధవారమే. ఇంకోటి దొరికేదాకా ఎవరికీ తెలియకూడదు, రోజూ మామూలుగానే బయల్దేరతాను, నీకు సరేనా అని అడిగాను. ఊ అన్నావు."

నేను గుమ్మం దాటి బాల్కనీలోకి వచ్చాను.

"డబ్బా కట్టుకుని రాయదుర్గంలో మెట్రో ఎక్కుతున్నాను. నాగోల్ దాకా వెళ్లి మళ్లీ వస్తున్నాను. రోజుకు మూడుసార్లు. కంపెనీ క్యాబు రావట్లేదేందమ్మా అని పోచయ్య మొదటి వారమే అడిగాడు. నువ్వు అడగలేదు. పైగా సాయంత్రం వచ్చేసరికి నవ్వుతూ ఆఫీసు ఎలా ఉంది అంటావు. వెక్కిరిస్తున్నావనుకున్నాను. ఇలాంటి మనిషితోనా తొమ్మిదేళ్లు ఉన్నది అనుకున్నాను."

తన ముందు నేలమీద కూర్చున్నాను. క్షమించమని అడిగాను.

బెల్లు మోగింది. పదయింది. తలుపు తీస్తే పోచయ్య, వెనకాల చేతిలో ఒకటో నంబరు టోకెనుతో చలపతిరావుగారు.

"పెద్దసారు వచ్చిండు సార్. మిషన్ షురూ జేస్తరా?"

"మిషన్ ఖరాబైంది పోచయ్యా."

"ఏమైంది సార్? నిన్న మంచిగనే ఉండె."

"ఊ అనడం లేదు."

"తీర్మానం ఉండగా ఎలా పాడవుతుందండి?" అన్నారు చలపతిరావుగారు. ఆయన మొహం చూస్తే జాలేసింది. అయినా తలుపు వేసేశాను.

బాల్కనీలోకి వచ్చి యాంప్ స్విచ్ ఆపేశాను. జయంతి తువ్వాలు విప్పి జుట్టు దులుపుకుంటోంది. నా వైపు చూడలేదు.

"మొదటి నుంచి చెప్పు," అన్నాను.

తను తువ్వాలు మడిచి ఒళ్లో పెట్టుకుంది. చెప్పదేమో అనుకున్నాను.

"పదకొండింటికి హెచ్ఆర్ అమ్మాయి మీటింగ్ పెట్టింది," అంది చివరికి. "గదిలోకి వెళ్తే నీళ్ల సీసా, టిష్యూ పేపర్ల డబ్బా ముందే పెట్టి ఉన్నాయి."

అలవాటు కొద్దీ ఊ నాలుక చివరి దాకా వచ్చింది. పళ్లు బిగబట్టి మింగేశాను. తను ఆగి, అనుమానంగా నా కళ్లలోకి చూసింది.

"వింటున్నావా?"

"నీళ్ల సీసా, టిష్యూ పేపర్ల డబ్బా ముందే పెట్టి ఉన్నాయి అన్నావు. తర్వాత?"

తను తర్వాతి సంగతి చెప్పింది.