అత్తయ్య తోసే కారు

మా మామయ్యకి ఆ పాత కారంటే ప్రాణం. మా అత్తయ్యకి దాని పేరెత్తితేనే ఒళ్ళు మంట. ఉండదూ మరి? పెళ్ళైన దగ్గర్నుంచీ ఆయన స్టీరింగ్ పట్టుకుని కూర్చుంటే, ఈవిడ వెనకనుంచి తోస్తూనే ఉంది.

"ఇంకొక్కసారి తొయ్యాల్సొస్తే, తిన్నగా పాత ఇనప సామాన్ల వాడి కొట్టుకే తోసేస్తా," అని తేల్చి చెప్పేసింది. అన్నదంటే చేసే మనిషి.

దాంతో ఇంజన్ బ్లాక్ నా షెడ్డుకి చేరింది. సిలిండర్ల లోపల సమంగా తొలిచి బోర్ చెయ్యడమే నా పని. నాలుగూ అరిగిపోయాయి, పైగా మూడోదాంట్లో పైనుంచి కిందిదాకా గీత. అలాంటి బ్లాక్ ఇంకోటి దొరకదు. ఇది చెడిందా, కారు తుక్కే.

మామయ్య అప్పటికే కొత్త పిస్టన్లు కొనేశాడు. అన్నిట్లోకీ పెద్ద సైజువి!

"పెద్దగా బోర్ చేస్తే గీతా పోతుంది, బండీ గుర్రంలా లాగుతుంది కదమ్మాయ్," అని మురిసిపోతున్నాడు.

నాకు చిర్రెత్తుకొచ్చింది. "కొనేముందు నన్నో మాట అడిగితే మీ సొమ్మేం పోయింది మామయ్యా?"

మందం కొలిచే మీటర్ సిలిండర్ల చుట్టూ ఆనించి చూపించాను. మూడోదాని గోడ ఒక పక్క మరీ పల్చన. దాని అవతలే ఇంజన్‌ని చల్లబరిచే నీళ్ళు తిరుగుతాయి. ఆయన తెచ్చిన పిస్టన్లకి సరిపడా తవ్వితే ఆ గోడ నిలవదు.

"ఇవి తిరిగిచ్చేసి, అన్నిట్లోకీ చిన్న సైజువి తెండి."

"మరి గీత పోతుందా?"

"పోకపోతే అప్పుడు చూద్దాం. ఎక్కువ తీసేస్తే మాత్రం మళ్ళీ అతికించలేను."

మూతి ముడుచుకుని వెళ్ళాడు గానీ, తెచ్చాడు.

ఒక్కో పిస్టనూ కొలిచి, దేనికి ఏ సిలిండరో గుర్తు పెట్టి, బ్లాక్ కదలకుండా బిగించి కొంచెం కొంచెంగా తీశాను. మధ్యలో ఈయన గేజు పట్టుకుని ఒకటే తొందర.

"వేడి మీద కొలిస్తే తప్పు చూపిస్తుంది, చల్లారనివ్వండీ!" అని కసిరాను. బుద్ధిగా వెళ్ళి స్టూలు మీద కూర్చున్నాడు.

బోరింగ్ అయింది. ఆఖరి వెంట్రుకవాసి, నున్నగా రుద్దే హోనింగ్ రాళ్ళతో తియ్యడానికి ఉంచాను. గీత ఇంకా సన్నగా కనిపిస్తూనే ఉంది. రాళ్ళు తిప్పాను, తుడిచాను, లైటు వేసి వేలితో తడిమాను.

లేదు! గీత లేదు!

"పోయింది మామయ్యా!" అని కేక పెట్టాను. ఆయన నా నూనె చేతులు పట్టుకుని చిన్నపిల్లాడిలా గంతులేశాడు.

ఇంజన్ బిగించాక కారు వాళ్ళింటి గేటు ముందు పెట్టాం. మామయ్య తాళం తిప్పాడు. తిప్పీ తిప్పగానే అందుకుంది. పొగ లేదు, దగ్గు లేదు.

"కొత్త బోర్, నెమ్మదిగా!" అని నేను అరుస్తూనే ఉన్నా, ఆయన ఉబ్బితబ్బిబ్బై పక్కసీటుతో కబుర్లాడుతూ వెళ్ళిపోయాడు.

పక్కసీట్లో ఎవరూ లేరు. అత్తయ్య ఇక్కడే ఉంది. కొంగు నడుముకి దోపుకుని, రెండు చేతులూ ముందుకి చాపి, కారు వెనక నిలబడే చోటే నిలబడిపోయింది. అలవాటు కదా!

"అదేంటే, నేను తొయ్యకుండానే పోయింది?" అంది తెల్లబోయి. మరుక్షణం, "ఏవండోయ్, నేనింకా ఎక్కలేదండీ!" అంటూ పరుగు లంకించుకుంది.

ఇన్నేళ్ళూ ఆ కారు వెనకాల పరిగెత్తుతూనే ఉంది అత్తయ్య. నవ్వుతూ పరిగెత్తడం మాత్రం నేను చూడ్డం ఇదే మొదలు.