మసి పూయని ఆకు

ఆ పుస్తకం ఇప్పటికీ మా విశ్వవిద్యాలయం లైబ్రరీలో ఉంది. ముందుమాట చివర ఒక వాక్యం: "తాళపత్రానికి నకలు రాయడంలో సాయపడిన ఒక విద్యార్థినికి కృతజ్ఞతలు." ఆ "ఒక" అన్న మాట చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. ఆ ఒక విద్యార్థినికి పేరుంది. యసవతీ వీరక్కొడి. మా సింహళ శాఖలో పరిశోధనకి చేరిన మొట్టమొదటి ఆడపిల్ల. ఆమెకి ఆ శాఖలో ఉద్యోగం ఇవ్వలేదు. ఎవరూ ఆశ పెట్టుకోకుండా ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను. కానీ 1957లో, ఆ పుస్తకం విడుదలైన రోజు ఏం జరిగిందో ఎక్కడా అచ్చు కాలేదు. చూసినవాళ్ళలో నేనొకదాన్ని కాబట్టి నేనే చెప్పాలి.

గొడవంతా ఒక పాత కావ్యం గురించి. ఏట్లో కొట్టుకుపోయిన చంటిపిల్ల కోసం తల్లి ఏడ్చే నూట పన్నెండు పద్యాలు. మా కొండ ఊళ్ళలో ముసలమ్మలకి సగం కంఠతా వచ్చు. రాసిందెవరో తెలియదు గనక "పేరు చెప్పుకోని ఒక పండిత భిక్షువు" అని పాఠ్యపుస్తకాల్లో వేశారు. పేరు తెలియకపోతే మగవాడే అయి ఉంటాడు, అదీ మా పండితుల లెక్క.

ఒకరోజు క్లాసులో యసక్క లేచి, "తాగే బిడ్డ లేక పాలు గడ్డకట్టి రొమ్ము సలుపుతుంటే ఏ ఆకు వెచ్చబెట్టి కట్టుకోవాలో ఇందులో ఉంది సార్. ఇది ఆడమనిషి రాసింది" అంది.

ప్రొఫెసర్ అమరతుంగ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "అలాగా! మరి నెమలి మీద పద్యం రాసినవాడికి తోక కూడా ఉండాలేమో కదమ్మా?"

క్లాసంతా పగలబడి నవ్వింది. సిగ్గు లేకుండా నేనూ నవ్వాను.

ఆ కావ్యానికి అన్నిటికంటే పాత ప్రతి కాండీ అవతల కొండ మీద ఒక విహారంలో ఉంది. ఇరవై ఏళ్ళ కిందట అమరతుంగ దాన్ని చూసి "చివరి ఆకు ఖాళీ" అని రాసిపెట్టాడు. పున్నమి సెలవులకి యసక్క నన్ను వెంటేసుకుని అక్కడికి బస్సెక్కింది.

పెద్ద భిక్షువు కాషాయం గుడ్డలో చుట్టిన తాళపత్రాల కట్టని తెచ్చి, ముక్కాలి పీట మీద పెట్టి, రెండడుగులు వెనక్కి వేశాడు. అప్పుడు యసక్క తీసుకుంది. ఆడవాళ్ళ చేతికి నేరుగా ఇవ్వకూడదు మరి.

"చేతికివ్వడమే తప్పు గానీ చదవడం తప్పు కాదులే, కూర్చోండమ్మా" అన్నాడు ఆయన.

చాప మీద కూర్చుని మూడు రోజులు నకలు రాసింది. చివరి ఆకు దగ్గర ఆగిపోయింది. కళ్ళు మూసుకుని దాని మీద బొటనవేలు అటూ ఇటూ నడిపింది.

"ఇరా, ఇది ఖాళీ కాదే."

"నాకేం కనబడట్లేదక్కా."

"కనబడదు. గీసి వదిలేశారు, మసి పూయలేదు."

మాతర దగ్గర యసక్క వాళ్ళ ఊళ్ళో తాతగారు గంటంతో ఆకులు గీసేవారు, అమ్మమ్మ మసి పూసేది. మసి పడేదాకా ఆకు మీద అక్షరం కంటికి ఆనదు. గీసిన తాతకి పండితుడన్న పేరొచ్చింది, ఆ గీత కనబడేట్టు చేసిన అమ్మమ్మకి చేతులు నల్లబడ్డాయి. అమరతుంగకి ఆ పని ఎవరూ ఎన్నడూ చెప్పి ఉండరు.

మసి పూసి చూస్తానని అడిగితే భిక్షువు ఒప్పుకున్నాడు. యసక్క గుగ్గిలం నూనెలో బొగ్గుపొడి కలిపి ఆకంతా పట్టించేసింది. ఆకు కాస్తా అట్లపెనంలా అయిపోయింది.

"అయ్యో, పాడుచేశావు కదక్కా!" అని గోలపెట్టాను.

"నోరు మూసుకుని చూడు" అని రాగిపిండి చల్లి గుడ్డతో తుడిచింది. పైనున్న మసి పోయింది, గీతల్లో దిగిన మసి ఉండిపోయింది. తుడిచేకొద్దీ అక్షరాలు పైకి వచ్చాయి. ఆమె చదివింది.

"ఈ పద్యాలు కట్టింది, ఈ ఆకులు గీసింది నేను, రన్ మెణికె అనేదాన్ని. ఈ పుణ్యానికి మగపుట్టుక కోరను. మళ్ళీ నా బిడ్డకి తల్లినై పుడతాను."

భిక్షువు ఆకు దగ్గరికి జరిగాడు. "ఆడవాళ్ళు రాయించిన పుస్తకాలు ఎన్నో చూశానమ్మా. చివర అందరూ మగజన్మే అడుగుతారు. వద్దన్నదాన్ని ఈమెనొక్కదాన్నే చూశాను."

తిరిగొచ్చి యసక్క అంతా పద్ధతిగా రాసి అమరతుంగ చేతిలో పెట్టింది. "చూస్తాను" అన్నాడు. ఏడు నెలలు చూశాడు. తర్వాత ఆహ్వానపత్రిక వచ్చింది: ప్రొఫెసర్ అమరతుంగ కనుగొన్న తొలి కవయిత్రి, వారి పరిష్కరణలో. యసక్క గదికి వెళ్ళి అడిగితే, "నీ చేతిరాత ముత్యాల్లా ఉందమ్మా, నకలుకి పనికొచ్చింది. ముందుమాటలో వేశాంగా" అన్నాడట. దొంగతనం చేసి పైగా మెచ్చుకోలు!

"నువ్వు నా పక్కనే ఉన్నావు కదే. చూసింది చూసినట్టు చెప్పు, చాలు" అంది నాతో.

"నా స్కాలర్‌షిప్పు ఆయన సంతకం మీద ఉందక్కా" అన్నాను.

ఆమె నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఆ వారమంతా హాస్టల్ గదిలో గంటం పట్టుకుని ఏదో ఆకు గీస్తూ కూర్చుంది. ఏమిటని అడిగితే, "ఉత్తరం" అంది.

విడుదల రోజు హాలు నిండిపోయింది. వేదిక మీద తెల్లగుడ్డ పరిచిన కుర్చీలో ఆ విహారం పెద్ద భిక్షువు కూర్చున్నాడు. అమరతుంగ మైకు ముందు తన వేళ్ళు ఎత్తి చూపించాడు. "ముప్పై ఏళ్ళ అనుభవం ఈ వేళ్ళలో ఉంది. ఆకుని తాకగానే నాకు తెలిసిపోయింది!" చప్పట్లు మోగాయి.

ప్రశ్నలేమైనా ఉన్నాయా అనగానే యసక్క వేదికెక్కి ఒక ఆకు అందించింది.

"మా ఊరి నుంచి తెచ్చాను సార్. ఇందులో ఏమైనా రాసి ఉందంటారా?"

ఆయన అందరికీ కనబడేలా వెలుతురుకి పట్టి, నిమిరి, నవ్వాడు. "ఖాళీ ఆకమ్మా."

"ఇంకోసారి చూడండి సార్."

"ఖాళీ అంటుంటే! నాకు నేర్పుతావా?"

ఆమె చేతిసంచీలోంచి కొబ్బరిచిప్ప తీసి, అందులోని మసి ఆకంతా పులిమి, భిక్షువు ముందున్న తెల్లని బల్లగుడ్డ మీద పెట్టబోయింది.

"ఏయ్, ఏమిటీ గలీజు! పెద్దల ముందా?" అంటూ ఆయన ఆకు లాక్కున్నాడు. జేబురుమాలు తీసి కసిగా తుడవడం మొదలుపెట్టాడు. ఇటు తుడిచాడు, అటు తుడిచాడు. తుడిచేకొద్దీ ఆయన మొహం మారింది. చెయ్యి ఆగిపోయింది.

"అక్కడ పెట్టు నాయనా" అన్నాడు భిక్షువు. ఆయన ఆకుని బల్ల మీద పెట్టక తప్పలేదు. భిక్షువు వంగి, మైకులో వినబడేలా నిదానంగా చదివాడు.

"విహారంలో చివరి ఆకు ఖాళీ కాదని కనుక్కున్నది యసవతీ వీరక్కొడి. సాక్షి, ఇరంగనీ."

అమరతుంగ నల్లబడ్డ రుమాలు పట్టుకుని మా వరసల వైపు చూశాడు.

"ఎవరా ఇరంగనీ?"

స్కాలర్‌షిప్పు పోతుందని నాకు తెలుసు. పోయింది కూడా.

"నేనే సార్" అని లేచి నిలబడ్డాను.