కదలని అంకె

మంగళవారం డయాలసిస్ తప్పిపోయింది. గురువారం పొద్దుటికి ఆవిడ మొహం ఉబ్బి కళ్ళు గీతల్లా మిగిలాయి. మంచం మీంచి లేచి వీధి గుమ్మం దాకా వచ్చేసరికే ఆయాసంతో మెట్టు మీద కూలబడింది. ఆస్పత్రి కొండకి అవతల, నలభై కిలోమీటర్ల దూరం. రెండింటికల్లా చేరకపోతే ఆవిడ వంతు పోయినట్టే. మళ్ళీ శనివారమే. శనివారం దాకా ఆగుతుందా అన్న మాట భర్త నోటిదాకా రానివ్వలేదు.

ఆయన టీవీలు బాగుచేస్తాడు. జేబులో కరెంటు కొలిచే మల్టీమీటరు లేకుండా గడప దాటడని వీధిలో అందరూ ‘మీటరాయన’ అంటారు. ఎవరు ఏ పెట్టె తెచ్చి ముందు పడేసినా జబ్బు పట్టేసే మనిషి, సొంత కారు దగ్గర చేతులెత్తేశాడు.

కారు తాళం తిప్పగానే స్టార్టవుతుంది. వీధి మలుపు తిరిగేసరికి వణుకు, నల్లటి పొగ, పెట్రోలు కంపు. ఎత్తు ఎక్కబోతే ఆగిపోతుంది. ఒక గ్యారేజీవాడు ప్లగ్గులు మార్చాడు, ఇంకొకడు పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు కడిగాడు. అయినా మంగళవారం కొండ మొదట్లోనే ఆగిపోయింది. ఇవాళ అంబులెన్సుకి ఫోన్ చేస్తే ఊళ్ళో ఉన్న రెండూ ఏదో ప్రమాదానికి వెళ్ళాయన్నారు. టాక్సీ అతను సాయంత్రమైతే చూస్తానన్నాడు.

బావమరిది ఎక్కణ్ణించో ఇంజన్ లోపం చదివి చెప్పే స్కానరు అడిగి తెచ్చి కారుకి తగిలించాడు.

“ఇంజన్‌కి పెట్రోలు చాలట్లేదంటోంది బావా. పొగ చూస్తే పెట్రోలు ఎక్కువై చస్తున్నట్టుంది. ఏది నమ్మాలి?”

మీటరాయన వంగి పొగగొట్టం వంక చూశాడు.

“పొగే నిజంరా. ఇంజన్ కంప్యూటరుకెవరో అబద్ధం చెప్తున్నారు. అదేమో నమ్మి పెట్రోలు కుమ్మరిస్తోంది.”

చెప్పేది ఆక్సిజన్ సెన్సరు. పొగగొట్టంలో కూర్చుని, కాలగా మిగిలిన ఆక్సిజన్ ఎంతో ఇంజన్ కంప్యూటరుకి కబురు పంపే వేలెడంత పరికరం. ఇంజన్ వేడెక్కాక దాని వైరుకి మీటరు పెట్టాడు. బాగున్న సెన్సరైతే అంకె పాయింటు ఒకటికీ పాయింటు తొమ్మిదికీ మధ్య గంతులేస్తూ ఉండాలి. ఇది పాయింటు సున్నా ఎనిమిది దగ్గర, అంటే పెట్రోలు చాలట్లేదనే చోట, చతికిలబడింది. ఆయన తొందరపడలేదు. గొట్టం అతుకుల మీద సబ్బునీళ్ళు చల్లి గాలి పోవట్లేదని చూశాడు. వైరు ఎక్కడా తెగలేదు. చివరికి ఇంజన్ గాలి పీల్చే గొట్టంలోకి పెట్రోలులా మండే క్లీనరు స్ప్రే కొట్టించాడు. ఇంజన్ ఉక్కిరిబిక్కిరై దగ్గింది. పైకి ఎగరాల్సిన అంకె మాత్రం ఉన్నచోటే ఉంది.

“సెన్సరు చచ్చిపోయింది. పరిగెత్తు.”

బావమరిది స్కూటరు మీద వెళ్ళి కొత్తది తెచ్చేసరికి పన్నెండు దాటింది. పాతది ఊడి రావాలిగా! తుప్పుపట్టి గొట్టంతో ఒకటైపోయింది. నూనె పోశాడు, ఆగాడు, మళ్ళీ పట్టాడు. వైరు అడ్డం కాబట్టి నోరు తెరిచిన స్పానరే పడుతుంది. అదేమో జారి మూలలు అరగదీస్తోంది. వైరు కోసేస్తే చుట్టూ పట్టే రింగు స్పానరు దిగుతుంది. కానీ కోశాక సెన్సరు రాకపోతే, వీధి చివరిదాకా అయినా పోయే ఈ కారు కూడా ఉండదు.

కటింగ్ ప్లయరు పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

“ఏమండీ,” మెట్టు మీంచి ఆవిడ పిలిచింది. మాటకీ మాటకీ మధ్య ఊపిరి వెతుక్కుంటోంది. “నా చెయ్యి కోసి... సూదులకి దారి పెట్టినప్పుడు... టక్కున సంతకం చేశారుగా. ఆ వైరుకింత ఆలోచనా?”

ఆయనకి నవ్వు రాలేదు. కోసేశాడు.

రింగు స్పానరుకి ఇనుప గొట్టం తొడిగి ఇద్దరూ కలిసి లాగారు. మూడోసారికి కీచుమని అరిచి తిరిగింది. గొట్టంలో మరచుట్టు చెడలేదు. కొత్తది బిగించారు, తీరా చూస్తే దాని వైరు చివరి ప్లగ్గు కారుదానికి సరిపోలేదు. పాత ప్లగ్గు ముక్కనే అతకాలి. అలవాటుగా సోల్డరింగ్ ఐరన్ అందుకోబోయాడు.

“వద్దు బావా! షాపాయన పదిసార్లు చెప్పాడు. సెన్సరుకి గాలి ఆ వైరులోంచే అందుతుందట. సీసం పోస్తే మూసుకుపోతుంది, నొక్కి అతకమన్నాడు.”

నాలుగు వైర్లూ రంగుకి రంగు చూసుకుని నొక్కాడు. తాళం తిప్పాడు. భుస్సుమని నల్లపొగ. ఆయన కళ్ళు మూసుకున్నాడు.

“బావా, మీటరు చూడు!”

పాయింటు రెండు. ఏడు. మూడు. ఎనిమిది. అంకె ఆగకుండా ఊగుతోంది. పొగ పలచబడి, ఇంజన్ కుదుటపడింది.

ఆవిడని ఎక్కించుకుని బయల్దేరారు; ఈసారి కారు కొండ మొదట్లో ఆగలేదు. వెనక సీట్లో అక్క తల ఒళ్ళో పెట్టుకుని బావమరిది కిటికీలోంచి విసురుతున్న గాలికి ఆమె మొహం తిప్పుతూనే ఉన్నాడు. చివరి ఎత్తు మీద ఆవిడ పలకడం మానేసింది. ఆయన అద్దంలోకి చూడలేదు, కాలు ఇంకా గట్టిగా నొక్కాడు.

చేరేసరికి రెండూ పది. నర్సు గడియారం చూపించబోయి, ఆవిడ నీలమెక్కిన పెదాలు చూసి, మాట మింగి చక్రాల కుర్చీ లాక్కొచ్చింది. ఒంట్లో అయిదు కిలోల నీరు చేరిందట. డయాలసిస్ మొదలై గంటన్నర గడిచాక గానీ ఆవిడ కళ్ళు తెరవలేదు.

“ఇంకో పూట ఆలస్యమైతే చెప్పలేకపోయేవాళ్ళం,” అంది నర్సు. అని, ఆయన చేతివంక చూసింది. “ఇదేంటండీ?”

కుడి అరచెయ్యి బొబ్బలెక్కి ఎర్రగా ఉంది. వేడి గొట్టం ఎప్పుడు పట్టుకున్నాడో ఆయనకే తెలియదు. అప్పుడు మొదలైంది మంట. నర్సు మందు రాస్తుంటే ఆయన భోరుమని ఏడ్చేశాడు.

“మందు మంటగా ఉందా?”

“లేదమ్మా,” అన్నాడు. “రాయండి.”