ఉప్పు చెయ్యి

కొండలరావు లాంచీ ఇంజను క్రాంకు మీది మైనం కాగితాన్ని గోటితో మెల్లగా లేవదీస్తున్నాడు. పాత గ్రీజు గట్టిపడి, కాగితంతోపాటు పొరలుగా ఊడివస్తోంది. పాకంతా కిరసనాయిలు వాసన. రాత్రి కురిసిన వానకు బయట కొబ్బరాకులు ఇంకా చుక్కలు రాలుస్తున్నాయి. ఇలాంటి గాలి ఇనుముకు పడదు. ఏ సందు దొరికినా చెమ్మ దూరుతుంది.

లాంచీ నడిచిన రోజుల్లో అమావాస్యకు ఇంజనుకు సెలవు. ఆ పూట విప్పి, తుడిచి, నూనె మార్చేవాడు. చెక్కలు పుచ్చి లాంచీ ఒడ్డెక్కాక కూడా ఆ అలవాటు పోలేదు. ఇంజనును ఊడదీసి, ఏ భాగానికా భాగం ముక్తేశ్వరంలోని ఈ పాకకు చేర్చాడు. అమావాస్య వచ్చిందంటే ఒక్కొక్కటే విప్పడం, కిరసనాయిలుతో కడగడం, తడి లేకుండా గుడ్డతో ఒత్తడం, మళ్ళీ గ్రీజు రాసి చుట్టడం. కొత్త చెక్కలు వేయించి మళ్ళీ గోదావరిలో దింపుదామని బావమరిది రాంబాబు మాట ఇచ్చాడు. ఇంజను ఇద్దరిదీ. ఆ మాట పట్టుకునే కొండలరావు రోజులు వెళ్ళదీస్తున్నాడు.

సత్యవేణి టీ గ్లాసు తెచ్చి గట్టు మీద పెట్టింది.

"నీ మొగుడు ఇనుమునే ముద్దు చేస్తాడనవేం ఇవాళ?" అన్నాడు తలెత్తకుండా.

"ఏం చేసుకుంటారో చేసుకోండి. నా మోకాళ్ళకి పట్టిన తుప్పుకి ఏ గ్రీజూ లేదు."

ఎప్పుడూ ఈ మాటకు తనే ముందు నవ్వేది. ఇవాళ నవ్వలేదు. గ్లాసు పెట్టి వెళ్ళిపోకుండా గుమ్మం పట్టుకు నిలబడింది.

కాగితం చివరి మడత వచ్చింది. అక్కడ గ్రీజు లేదు. ఎవరో తుడిచేశారు. అద్దంలా ఉండాల్సిన ఉక్కు మీద నాలుగు వేళ్ళూ, బొటనవేలూ ఎర్రగా తుప్పుతో అచ్చుపడి ఉన్నాయి.

కొందరి చెమటలో ఉప్పెక్కువ. వట్టి చేత్తో ముట్టుకుంటే చాలు, రోజులు తిరక్కుండానే ఇనుము ఎర్రబడుతుంది. రాంబాబుది అలాంటి చెయ్యి. లాంచీ మీద అతన్ని చుక్కాని దగ్గరే ఉంచేవాడు. ఇంజను గదిలోకి వస్తే, "చేతులెనక్కెట్టుకు రారా, ఇన్‌స్పెక్టరు గారూ" అని ఏడిపించేవాడు.

"రాంబాబు వచ్చేడా?"

"ఆయ్. మీరు రాజోలు ఎళ్ళిన్నాడు." అంది సత్యవేణి. "తాళంచెవి నేనే ఇచ్చేనండి. కొనేవాళ్ళని తెచ్చేడు. చూసేరు, నచ్చిందన్నారు."

కొండలరావు చేతిలో గుడ్డ అలాగే ఉండిపోయింది.

"మీరు లాంచీ ఎక్కినప్పుడల్లా ఈ మనిషి మళ్ళీ వస్తాడా అని రేవుకేసి చూస్తానే ఉన్నాను. ఇంక నా వల్ల కాదండి."

అతను గుడ్డ తడిపి ఆ అచ్చును రుద్దాడు. పైనున్న ఎరుపు పోయింది. కింద వేళ్ళ మచ్చలు బూడిద రంగులో నిలిచిపోయాయి. ఇంకా గట్టిగా రుద్దితే ఉక్కు అరుగుతుంది. వాటి మీదే గ్రీజు రాశాడు.

మధ్యాహ్నం వ్యాను వచ్చింది. రాంబాబు దిగుతూనే, "బావగారూ, భోజనం చేసేరా అండీ?" అన్నాడు.

"ఎప్పుడమ్మేవురా?"

"మొన్ననండి, మండపేట మిల్లోళ్ళకి. మీరింత బాగా ఉంచబట్టే ముచ్చటపడి తీసుకున్నారండి. తుప్పు పట్టుంటే పాత ఇనప సామానోడు కూడా తొంగి చూసేవాడు కాదు."

మెచ్చుకోలుగానే అన్నాడు. కొండలరావు క్రాంకు వైపు చూశాడు. అమావాస్య అమావాస్యకూ తను చుట్టినవి సంతకు పోయే మూటలన్నమాట.

"కొత్త చెక్కలన్నావు."

"అన్నానండి."

"ఎప్పుడు మానుకున్నావు?"

రాంబాబు నేల చూశాడు. "వేయిద్దామని నేనెప్పుడూ అనుకోలేదండి. ఆ రోజు మీ మొహం చూసి లేదనలేకపోయేను."

పిస్టన్లు, వాల్వులు, రాడ్లు మూటలు మూటలుగా డ్రైవరు వ్యానులో సర్దాడు. చివరికి క్రాంకు మిగిలింది. రాంబాబు వంగి చేతులు చాచాడు.

"చెయ్యెట్టకు!"

ఆ కేకకు డ్రైవరు కూడా ఆగిపోయాడు. కొండలరావు భుజం మీది తువ్వాలు తీసి నిలువునా చింపాడు. రాంబాబు చేతులు రెండూ దగ్గరకు లాక్కుని, దెబ్బ తగిలినవాడికి కట్టు కట్టినట్టు, వేళ్ళు కనబడకుండా దేనికది చుట్టి ముడివేశాడు. రాంబాబు కళ్ళు నిండాయి. కొండలరావు వాటి వంక చూడలేదు.

"ఇప్పుడు పట్టుకో."

వ్యాను కాలవగట్టు ఎక్కి మలుపు తిరిగింది. చప్పుడు వినబడడం ఆగిపోయాక సత్యవేణి పాక తలుపు దగ్గరకు వేయబోయింది.

"ఉండనీ" అన్నాడు. "ఇంక గాలి తగిలితే ఏం?"

ఆమె పిలుస్తున్నా ఆగకుండా, ఇంటివైపు కాక రేవువైపు నడిచాడు.

పాకలో, క్రాంకును ఆనించిన రెండు తాటిమొద్దులు మిగిలాయి. ఏళ్ళ బరువుకు వాటి మీద పడిన గుంటల్లో గ్రీజు ఇంకా నల్లగా మెరుస్తోంది.