కొనే గీత, అమ్మే గీత

ఎండుమిర్చి కాయ విరిస్తే టప్పుమంది. గింజలు గలగలలాడాయి. అయినా పెట్టె మీద ఎర్రదీపమే వెలిగింది.

మహబూబాబాద్‌లో మిర్చి వ్యాపారం చేసే రాజమౌళికి తన చేతి మీదే నమ్మకం. కానీ మేనల్లుడు సుమన్ జనగామ నుంచి అమ్మకానికి తెచ్చిన ఈ పెట్టె చేతిని మించిందట. అందులోంచి ఊదారంగు వెలుతురు కాయ మీద పడుతుంది. బూజు విషముంటే కాయ కంటికి ఆననంత సన్నగా మెరుస్తుంది. వెంట్రుకను వెయ్యి పాయలు చేసినంత సన్నటి తీగలు ఆ మెరుపును పట్టి కరెంటుగా మారుస్తాయి. ఆ కరెంటు ఎక్కువైతే ఎర్రదీపం, లేకుంటే పచ్చదీపం. నానో అంటాడు సుమన్.

“నీళ్లు చిలకరించినవు గదా?” తుల్సీబాయిని నిలదీశాడు రాజమౌళి. బస్తాలకెత్తేటప్పుడు కాయ విరగకుండా నీళ్లు చిలకరించడం ఇక్కడి రైతుల అలవాటు. ఆ తడికే బూజు పడుతుంది.

గార్ల దగ్గరి తండా నుంచి పంటతో వచ్చిన తుల్సీబాయి నెత్తి కొట్టుకుంది. “చుక్క గూడ కొట్టలే సేటు! పోయినేడు నువ్వే గద కొట్టొద్దంటివి? నీ మాట ఇన్నందుకు పావు పంట ముక్కలైంది. చూడు, బస్తా అడుగున ఎట్లున్నదో!”

“నేనేం జేయాలె తల్లీ? మిషన్ బూజంటున్నది. సగం ధరకైతే దించు.”

ఆమె దుకాణం మెట్ల మీద కూలబడింది.

సుమన్ అదే కాయను లోపలి గదిలోకి తీసుకుపోయి మామను పిలిచాడు. మళ్లీ వెలుతురు పెట్టాడు. ఈసారి పచ్చదీపం.

“గిదేందిరా? గదే కాయ గద?”

“గదే మామా.” సుమన్ నవ్వాడు. “మెరుపు ఎంతుంటే బూజనాలెనో, ఆ గీత మనమే జరుపుకోవచ్చు. కొనేటప్పుడు కిందికి, అమ్మేటప్పుడు మీదికి. నీ లాభం కోసమే పెట్టించిన.”

రాజమౌళి ధర్మాత్ముడేమీ కాదు. బేరంలో నొక్కగలిగినంత నొక్కుతాడు. కానీ అక్కడ ఎదుటి మనిషికీ నోరుంటుంది. ఇది ఆ నోరే మూసేస్తుంది. పైగా నిజంగా బూజు పట్టిన కాయ కూడా ఇదే పచ్చదీపంతో జనం కూరల్లోకి పోతుంది.

“ఇంకా దేనికి పనికొస్తదన్నవ్ రా ఇది?”

“మస్తు పనులకు మామా! దవాఖానల రక్తపు చుక్క చూసి రోగం జెప్తదట. రేపు భూపాలపల్లి బొగ్గు బాయిల గ్యాసు పసిగడ్తదట.”

“ఆడ గూడ గీత జరుపుతరా?”

సుమన్ ముఖం మీది నవ్వు చెరగలేదు. రాజమౌళి పెట్టెను అతని వైపు తోశాడు.

“థూ! తియ్‌రా నీ డబ్బా! మా అక్క మొగం జూసి ఊకుంటున్న.”

బయటికొచ్చేసరికి తుల్సీబాయి బస్తాలు తిరిగి ట్రాలీలోకి ఎక్కిస్తోంది.

“దించు చెల్లె. కాయ మంచిదే. పూర్తి ధర ఇస్త. మిషనే అబద్ధమాడింది.”

“మిషన్ నా ఇంట్లదా సేటు?” వెనక్కి తిరక్కుండానే అంది. “నలుగురి ముందట బూజన్నవ్. ఇప్పుడు మంచిదంటున్నవ్. ఇంకో గడియకు ఏమంటవో! నీ మాట ఒకపారి ఇన్న, సాలు.”

ట్రాలీ వీధి చివరి దుకాణం ముందు ఆగింది. సుమన్ కూడా పెట్టె చంకన పెట్టుకుని అటే నడిచాడు. ఆ దుకాణం సేటు ఎదురొచ్చి అతని భుజం మీద చెయ్యేశాడు.

“చెల్లె! ఆడ దించకు!” రాజమౌళి గొంతు చించుకున్నాడు.

గిరాకీ పోతోందని అరుస్తున్నాడనుకుని వీధిలో జనం నవ్వారు. తుల్సీబాయి మొదటి బస్తా మూతి విప్పింది. దుకాణం నీడలో ఊదా వెలుతురు వెలిగింది.